ఇనప్పెట్టెలో చెమ్మ: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ప్రశ్న: మాది మొగల్రాజపురంలో కొండవాలున కట్టిన సొంత ఇల్లు. వాలు కలిసి రావడంతో వెనుక భాగం సగం నేలలోకి దిగి సెల్లారుగా మారింది. మా నాన్నగారి 12 బోరు డబుల్ బ్యారెల్ తుపాకీకి ఆయన తదనంతరం నా పేరిట లైసెన్సు తీసుకున్నాను. ఇంట్లో మనవలు తిరుగుతుంటారు, దొంగల భయమూ ఉంది. అందుకని పోయిన చలికాలంలో బరువైన తుపాకీ లాకరు ఒకటి కొని సెల్లారులో పెట్టించాను. సంక్రాంతికి తెరిచినప్పుడు అంతా బాగానే ఉంది. శ్రావణంలో తెరిచి చూస్తే గొట్టాల మీద గోధుమరంగు చుక్కలు, చెక్క బట్టు (తుపాకీ వెనుక పిడి) మీద తెల్లటి బూజు కనిపించాయి. పెట్టె గట్టిగా మూసే ఉంది, సెల్లారులోకి వాన నీరు రాలేదు. మరి ఈ తేమ ఎక్కడి నుంచి వచ్చింది? ఎగ్జాస్టు ఫ్యాను రోజంతా తిప్పితే సరిపోతుందా?
(పేరు ప్రచురించవద్దని కోరారు), విజయవాడ

సమాధానం: మీ లాకరులో లోపమేమీ లేదు, దాన్ని పెట్టిన చోటే సరైనది కాదు. ఇలాంటి పెట్టెలను దొంగను ఆపడానికి చేస్తారు, కొన్నింటిని నిప్పును ఆపడానికి చేస్తారు, గాలిని ఆపడానికి మాత్రం సాధారణంగా చేయరు. తలుపు చుట్టూ సన్నని సందు ఉంటుంది, నేలకు బిగించే బోల్టులకు అడుగున రంధ్రాలుంటాయి, ఇవి చాలవన్నట్టు మీరు తలుపు తీసిన ప్రతిసారీ లోపలి గాలి మారిపోతుంది. కాబట్టి సెల్లారు గాలి ఎలా ఉంటే, నాలుగు రోజులు ఆలస్యంగానైనా, పెట్టెలోని గాలీ అలాగే తయారవుతుంది.

ఇక సెల్లారు గాలి ఎందుకు అంత తేమగా ఉందో చూద్దాం. ఫ్రిజ్జులోంచి తీసిన నీళ్ల సీసా బల్ల మీద పెట్టిన రెండు నిమిషాలకే బయటివైపు చెమర్చడం మనం రోజూ చూసేదే. గాలి చల్లబడినకొద్దీ నీటి ఆవిరిని మోసే శక్తి దానికి తగ్గిపోతుంది గనుక, మోయలేనిది నీటి బొట్లుగా దిగుతుంది. వానాకాలంలో మన ఊళ్లో బయట 33 డిగ్రీల వేడి, 70 శాతం తేమ (అంటే ఆ వేడిలో గాలి మోయగలిగే ఆవిరిలో 70 శాతం) ఉన్న రోజును తీసుకోండి. అదే గాలి మీ సెల్లారులోకి దిగి 28 డిగ్రీలకు చల్లబడిందంటే, ఒక్క చుక్క నీరు కొత్తగా చేరకపోయినా, దానిలోని తేమ 90 శాతం దాటుతుంది. ఇంకో ఒకటిన్నర డిగ్రీలు తక్కువగా ఉన్న ఇనుము ఏదైనా ఆ గాలికి తగిలితే చెమర్చక తప్పదు. ఇనుముకు 60 శాతం దాటిన దగ్గర నుంచే తుప్పు వేగం పెరుగుతుంది, 70 దాటి నిలకడగా ఉంటే చెక్క మీద బూజు మొదలవుతుంది. మీకు కనిపించినవి రెండూ ఈ లెక్కకు సరిపోతున్నాయి. సంక్రాంతికి బాగుండడానికీ ఇదే కారణం. జనవరి మధ్యాహ్నాల్లో గాలి ఎంత పొడిగా ఉంటుందంటే, సెల్లారులో చల్లబడిన తరువాత కూడా దానిలో తేమ 60 శాతం లోపే ఉండగలదు.

అందువల్ల ఎగ్జాస్టు ఫ్యాను ఈ కాలంలో మీకు మేలు కన్నా కీడే ఎక్కువ చేస్తుంది. అది లోపలి గాలిని బయటికి తోసినకొద్దీ మెట్ల మీదుగా, కిటికీ సందుల గుండా బయటి తడిగాలి లోపలికి వచ్చి చల్లబడుతూనే ఉంటుంది, అంటే ఫ్యాను పెట్టి మరీ తేమను పిలుచుకున్నట్టు అవుతుంది. రోహిణి కార్తెలో వడగాలి కొడుతున్నప్పుడు తలుపులు బార్లా తీస్తే సెల్లారు ఎండిపోతుందని చాలామంది అనుకుంటారు. నేనూ ఒకప్పుడు అనుకున్నాను. 43 డిగ్రీలలో 35 శాతం తేమ ఉన్న గాలి పైకి ఎంత పొడిగా అనిపించినా, 30 డిగ్రీల సెల్లారులో అది 70 శాతం అవుతుంది. గాలాడించాలనుకుంటే డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా, అదీ మధ్యాహ్నం పూట మాత్రమే ఆడించండి. మిగిలిన నెలల్లో సెల్లారు తలుపు మూసి ఉంచడమే మంచిది.

మీ విషయంలో రెండో అనుమానం కూడా ఉంది. కొండవాలున కట్టిన ఇల్లన్నారు కాబట్టి, వాన కురిసిన తరువాత కొండలోంచి దిగే ఊట మీ వెనుక గోడను ఆనుకుని కొన్ని వారాల పాటు ఉండవచ్చు. నీరు కారుతూ కనిపించనక్కర లేదు. గోడ అడుగుభాగంలో సున్నం పెచ్చులూడడం, తెల్లగా ఉప్పు పొంగడం కనిపిస్తే చాలు. అదీ కనిపించకపోతే ఒక చిన్న పరీక్ష చేయండి. అడుగున్నర చదరం మందపాటి ప్లాస్టిక్ షీటును నేల మీద పరచి, నాలుగు వైపులా టేపుతో గాలి చొరకుండా అంటించి, ఒక పగలూ ఒక రాత్రీ ఉంచి తీయండి. షీటు అడుగువైపు తడి కనిపిస్తే ఆ చెమ్మ నేలలోంచి పైకి వస్తున్నది. షీటు పైవైపు మాత్రమే చెమర్చితే అది గాలిలోనిది. ఇలాగే గోడకు కూడా చేసి చూడండి. నేలలోంచి, గోడలోంచి వచ్చే చెమ్మకు లోపలివైపు ఎంత ఖరీదైన రంగు పూసినా అది రెండు వానాకాలాలకు మించి నిలవదు. గోడ బయట కాలువ తీసి కొండనీటిని పక్కకు మళ్లించడమే దానికి సరైన మందు, ఆ పని తెలిసిన ఇంజనీరుకు అప్పగించండి.

ఇంత చెప్పిన తరువాత నా సూటి సలహా ఏమిటంటే, ఆ లాకరును పైఅంతస్తుకు మార్చండి. బయటి గోడకు గానీ, స్నానాల గది గోడకు గానీ ఆనని లోపలి గది చూసి, నేలకు, గోడకు గట్టిగా బిగించండి. మనవల భద్రతకు కావలసింది సెల్లారు లోతు కాదు, మంచి తాళం, ఆ తాళం చెవి మీ దగ్గర తప్ప మరెవరి దగ్గరా ఉండకపోవడం, తూటాలు వేరే చోట వేరే తాళంలో ఉండడం. 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి, అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ మీదుగా 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద పోయింది. మీ కొండవాలుకు ఆ ముప్పు లేకపోవచ్చు. అయినా కరెంటు పోయిందంటే కొండ మీది ఇంటికీ పోతుంది. కరెంటు మీద బతికే, గాలిలోని తేమను తీసే యంత్రాన్ని (డీహ్యూమిడిఫయర్) నమ్ముకున్న సెల్లారు, అది లేని రెండు రోజుల్లోనే మొదటికి వస్తుంది.

పైన చోటు లేదు, సెల్లారు తప్పదు అన్నారంటే, ముందుగా తేమ మీటరు ఒకటి కొనండి. కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. చవక మీటర్లు తప్పు చూపవచ్చు గనుక కొన్న రోజే ఉప్పుతో సరిచూడండి. సీసా మూతలో చెంచాడు మామూలు ఉప్పు వేసి, కరిగిపోకుండా తడి ముద్ద అయ్యేటన్ని చుక్కల నీళ్లు మాత్రమే పోసి, దాన్నీ మీటరునూ కలిపి జిప్పు కవరులో పెట్టి మూసి, పది పన్నెండు గంటలు కదపకుండా ఉంచండి. ఆ కవరులో తేమ 75 శాతం దగ్గర నిలుస్తుంది. మీ మీటరు 70 చూపితే ఇకమీదట అది చూపే అంకెకు ఐదు కలుపుకోండి. పెట్టె లోపల 45 నుంచి 50 శాతం మధ్య ఉండేలా చూడడం మన లక్ష్యం. ఇనుము కోసమని మరీ 30కి దింపితే ఈసారి చెక్క బట్టు ఎండి చీలుతుంది.

తరువాత గదినే ఎండబెట్టాలి. కంప్రెసరుతో నడిచే డీహ్యూమిడిఫయర్ మన వేడికి బాగా పనిచేస్తుంది. అది తీసే నీరు బకెట్లోకి పోయేలా పెట్టుకుంటే బకెట్టు నిండగానే యంత్రం ఆగుతుంది, మీరు ఊరెళ్లి ఉంటారు. కాబట్టి గొట్టం వేసి నీటిని నేరుగా డ్రైనేజీలోకి వదలండి. పెట్టెను నేల మీద నేరుగా ఆనించకుండా ఇనుప స్టాండు మీద మూడు నాలుగు అంగుళాలు ఎత్తి, గోడకు కూడా అంతే దూరంలో ఉంచండి. నేలలో వాటర్‌ప్రూఫింగ్ చేయించి ఉంటే, బోల్టుల కోసం డ్రిల్లు పెట్టే ముందు అది ఎంత లోతులో ఉందో మేస్త్రీని అడగండి, ఎందుకంటే ఆ పొరకు పడిన ఒక్క రంధ్రం చాలు, నీరు అక్కడి నుంచే పైకి వస్తుంది.

పెట్టె లోపలికి తేమను పీల్చే గుళికలు, అంటే సిలికా జెల్, సరిపోతుంది. అయిదడుగుల ఎత్తు లాకరులో ఉండే గాలి పావు ఘనపు మీటరుకు కాస్త ఎక్కువ. 30 డిగ్రీల వద్ద ఆ గాలి మొత్తం తేమతో నిండిపోయినా దానిలో ఉండే నీరు 8 గ్రాములే. అర కిలో జెల్ సుమారు 100 గ్రాముల నీటిని పట్టుకోగలదు. అయినా మీ ఇంట్లో జెల్ పది రోజులకే నిండిపోతున్నదంటే, అది పెట్టెలోని గాలిని కాక తలుపు సందుల గుండా సెల్లారు మొత్తాన్నీ ఎండబెట్టాలని చూస్తున్నదని అర్థం. తలుపు అంచుకు రబ్బరు పట్టీ అంటించి, బోల్టు రంధ్రాలు మూసి చూడండి. నిండిన జెల్‌ను వెడల్పాటి పళ్లెంలో పరచి ఓవెన్‌లో 110 నుంచి 120 డిగ్రీల మధ్య రెండు మూడు గంటలు వేడిచేస్తే మళ్లీ పనికొస్తుంది. నీలం రంగు నుంచి గులాబీకి మారే రకంలో కోబాల్టు క్లోరైడు ఉంటుంది, అది ఒంటికి మంచిది కాదు. నారింజ రంగు రకం తీసుకోండి, దాన్ని కూడా వంటపాత్రల్లో వేడిచేయవద్దు.

పెట్టెలో అమర్చే చిన్న హీటరు రాడ్ల గురించి కూడా మీరు విని ఉంటారు. గాలిని వేడిచేస్తే తేమ శాతం తగ్గుతుందన్న మాట నిజమే. 29 డిగ్రీలలో 85 శాతం ఉన్న గాలిని 33 డిగ్రీలకు వేడిచేస్తే 68 శాతానికి దిగుతుంది, 60కి దిగదు. కాబట్టి మన దగ్గర రాడ్డు తోడుగా పనికొస్తుందే గానీ ఒంటరిగా నెగ్గుకు రాలేదు.

కాల్షియం క్లోరైడు ఉండే డబ్బాలను, సంచులను మాత్రం ఆ పెట్టెలోకి రానివ్వకండి. అవి తేమను పీల్చి ఉప్పు నీరుగా కరుగుతాయి. మా అమ్మగారి కుట్టుమిషన్‌ను ఒక వానాకాలం అటక మీది ఇనప్పెట్టెలో దాచి, జాగ్రత్త పడుతున్నాననుకుని పక్కన అలాంటి డబ్బా ఒకటి పెట్టాను. అది ఎప్పుడు ఒరిగిందో తెలియదు. రెండు నెలల తరువాత తెరిస్తే పెట్టె అడుగంతా జిగట నీరు, మిషన్ చక్రం సగం మేర ఎర్రటి పొలుసులై చేతికి రాలింది. ఏ డబ్బా లేకుండా వదిలేసినా అంత నష్టం జరిగేది కాదు.

ఇప్పుడు తుపాకి సంగతి. ముట్టుకునే ముందు రెండు గొట్టాలూ తెరిచి లోపల తూటా లేదని కళ్లతో చూసి నిర్ధారించుకోండి, అలా చూసిన తరువాతే గుడ్డ చేతికి తీసుకోండి. గోధుమరంగు చుక్కలు పైపైనే ఉంటే, కుట్టుమిషన్లకు వేసే పలుచటి నూనె రెండు చుక్కలు మెత్తటి గుడ్డ మీద వేసి ఒత్తకుండా తుడవండి, ఒక రాత్రి ఆగి మళ్లీ తుడవండి. గరుకు కాగితం పెట్టి రుద్దారంటే తుప్పుతో పాటు గొట్టాల మీది నల్లని పూత కూడా పోతుంది, ఆ తరువాత తుప్పు మరింత వేగంగా వస్తుంది. కొబ్బరినూనె, వంటనూనెలు వద్దు, కొన్నాళ్లకు అవి జిగురెక్కి దుమ్మును పట్టుకుంటాయి. వేలి గోటికి గుంట తగులుతున్నదంటే ఇంటి వైద్యం ఆపి, ఆయుధాల మరమ్మతుకు లైసెన్సు ఉన్న దుకాణానికి తీసుకెళ్లండి. చెక్క మీది బూజును పొడి గుడ్డతో, అదీ ఆరుబయట, తుడిచి, నీడలో ఆరనివ్వండి.

తిరిగి లోపల పెట్టేటప్పుడు చేతికి నూలు తొడుగులు వేసుకోండి, ఎందుకంటే చెమటలోని ఉప్పుకు ఇనుము మీద వేలిముద్ర ఆకారంలోనే తుప్పు పడుతుంది. మీ చుక్కల్లో కొన్ని అలాంటివేనని నా అనుమానం, వాటిని భూతద్దంతో చూడండి. నాన్నగారి తోలు తొడుగు ఎంత ఇష్టమైనదైనా తుపాకీని అందులో దాచవద్దు, తోలు తేమను పట్టి ఉంచుతుంది. వీలైతే గొట్టాల కొస కిందికి ఉండేలా నిలబెట్టండి. అప్పుడు నూనె జారి చెక్కలోకి ఇంకదు. నెలకొకసారి, వానాకాలంలో పక్షానికొకసారి, తలుపు తెరిచి మీటరు చూసి వెంటనే మూసేయండి.

ప్రశ్న: మా మామగారి కాలం నాటి ఇనప్పెట్టెను అపార్టుమెంటు సెల్లారులో వాచ్‌మన్ గది పక్క స్టోరు గదిలో ఉంచాము. అందులోని పొలం దస్తావేజులు ఒకదానికొకటి అతుక్కున్నాయి, వెండి కంచాలు నల్లబడ్డాయి. నిప్పు తగలని కొత్త రకం పెట్టె కొని అక్కడే పెడితే సరిపోతుందా? పత్రాలకు లామినేషన్ చేయించమంటారా?
ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

సమాధానం: దస్తావేజులను ఈ రోజే ఇంట్లోకి తెచ్చేయండి. అపార్టుమెంటు సెల్లారు అందరి వాహనాలు తిరిగే చోటు, విలువైన వస్తువులు దాచే చోటు కాదు. పైగా తడి బళ్లు, కారు కడిగిన నీళ్లు, పంపు గది కలిసి ఆ స్టోరు గదిని ఏడాది పొడవునా చెమ్మగా ఉంచుతాయి. మిర్చి యార్డున్న ఊరి వారికి తేమ సంగతి నేను చెప్పాలా? కాయను చేత్తో నలిపి చప్పుడు విని తేమ ఎంతో చెప్పగలవారు మీ వీధిలోనే ఉంటారు. కాగితమూ అంతే, చుట్టూ ఉన్న గాలి ఎంత తడిగా ఉంటే అంత తడిని పీల్చుకుని కూర్చుంటుంది.

అతుక్కున్న పత్రాలను లాగవద్దు, ఎండలో పెట్టవద్దు, ఇస్త్రీ చేయవద్దు. తిరిగే ఫ్యాను గాలి నేరుగా తగలని గదిలో, తెల్ల కాగితాల మధ్య రెండు మూడు రోజులు ఉంచితే చాలావరకు వాటంతటవే వదులవుతాయి. వదలని వాటి కోసం సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో దస్తావేజు నంబరు, సంవత్సరం చెప్పి ధ్రువీకరించిన నకలుకు దరఖాస్తు చేయండి. లామినేషన్ అసలే వద్దు. లోపలి చెమ్మ లోపలే చిక్కుకుంటుంది, ముద్రలూ సంతకాలూ పరీక్షించాలంటే ఆ ప్లాస్టిక్ మళ్లీ ఊడదు.

నిప్పుకు తట్టుకునే పెట్టె గురించి మీరు అడిగినది మంచి ప్రశ్న. ఆ పెట్టెల గోడల మధ్య నింపే పదార్థం తన లోపల నీటిని బంధించి ఉంచుకుంటుంది, అగ్ని ప్రమాదంలో ఆ నీరు ఆవిరై లోపలి వేడిని తగ్గిస్తుంది. ఆ నీటిలో కొంత మామూలు రోజుల్లో కూడా నెమ్మదిగా లోపలి గాలిలోకి చేరుతుంది. తేమ గదిలో అలాంటి పెట్టె పెట్టి నెలల తరబడి తెరవకుండా వదిలేస్తే పాత పెట్టె కన్నా ఎక్కువ చెమ్మ ఎక్కవచ్చు. కొంటే ఇంట్లోనే పెట్టండి, పత్రాలను జిప్పు కవర్లలో చిన్న జెల్ సంచీతో పాటు ఉంచండి.

వెండి నలుపుకు తేమ ఒక్కటే కారణం కాదు. గాలిలోని గంధకపు వాయువులు వెండిని పట్టి ఆ పొర ఏర్పడుతుంది, తేమ దాన్ని త్వరపెడుతుంది. బళ్ల పొగ తిరిగే సెల్లారులో అది జరగడం వింతేమీ కాదు. రబ్బరు బ్యాండ్లలో కూడా గంధకం ఉంటుంది, కంచాలను వాటితో కట్టి ఉంటే విప్పేయండి.

ప్రశ్న: బీరువాలో తేమ పోవడానికి మా ఇంట్లో కలరా ఉండలు, కర్పూరం, మూటగట్టిన బియ్యం పెడుతుంటారు. పనిచేస్తాయా?
ఒక పాఠకుడు, పటమట, విజయవాడ

సమాధానం: కలరా ఉండలు, కర్పూరం పురుగులను తరుముతాయి, తేమను ముట్టుకోవు. బియ్యం కొద్దిగా పీలుస్తుంది గానీ, ముక్కపురుగును, బూజును కూడా పిలుచుకొస్తుంది. ఉప్పు డబ్బాలో నాలుగు గింజలు వేసుకోవడం వరకే దాన్ని ఉంచండి.

ప్రశ్న: మా అమ్మాయి కాలేజీ తరఫున ఎయిర్ రైఫిల్ పోటీలకు వెళుతుంది. లోపల స్పాంజి ఉన్న ప్లాస్టిక్ పెట్టెలో రైఫిలును మంచం కింద ఉంచుతున్నాము. ఇది కూడా తుప్పు పడుతుందా?
ఒక తండ్రి, లక్ష్మీపురం, గుంటూరు

సమాధానం: పడుతుంది. ఆ స్పాంజి మోసుకెళ్లడానికే, దాచడానికి కాదు. పోటీ నుంచి వచ్చిన రోజు చేతి చెమట, ఏసీ కారులోంచి దిగినప్పుడు పట్టిన చెమ్మ స్పాంజిలోకి చేరి ఇనుమును అంటిపెట్టుకుని ఉంటాయి. ఇంటికి రాగానే పెట్టె మూత తీయకుండా, రైఫిలు గది వేడికి వచ్చేదాకా గంటసేపు అలాగే వదిలి, తరువాత బయటికి తీసి నూనె గుడ్డతో తుడిచి, పొడిగా ఉన్న బీరువాలో నిలబెట్టి తాళం వేయమనండి. స్పాంజి పెట్టెను మూత తెరిచే ఉంచి ఫ్యాను కింద ఆరబెట్టండి, మళ్లీ పోటీకి వెళ్లే రోజున మాత్రమే అందులో సర్దుకోమనండి.